మధ్యయుగ లాటిన్ రచనలను చరిత్రతో కలిపి చదవడం ఎలా: 778 నాటి ఒక పరాజయం ఆధారంగా సమగ్ర మార్గదర్శి

క్రీ.శ. 778 ఆగస్టులో, స్పెయిన్ దండయాత్ర నుంచి తిరిగి వస్తున్న ఫ్రాంకుల రాజు షార్లమేన్ సైన్యం పిరెనీస్ పర్వతాలు దాటుతుండగా, వెనుక నడుస్తున్న దళం మీద ఆ పర్వత ప్రాంతపు ప్రజలైన బాస్క్‌లు మాటువేసి విరుచుకుపడ్డారు. ఆ దళాన్ని హతమార్చి, సామాను దోచుకొని, చీకటి పడుతుండగా చెట్టుకొకరు పుట్టకొకరుగా మాయమయ్యారు. ఈ ఒక్క ఘటన గురించి తర్వాతి నాలుగు వందల ఏళ్లలో లాటిన్‌లో అనేక రచనలు వెలువడ్డాయి. వాటిలో ఒకటి ఓటమి ఊసే ఎత్తదు. మరొకటి రాజు మనసులోని బాధను చెబుతుంది కాని చనిపోయినవారి పేర్లు చెప్పదు. ఇంకొకటి మూడు పేర్లు చెబుతుంది. ఒక సమాధి పద్యం ఎవరూ చెప్పని తేదీని కాపాడింది. ఆఖరున వచ్చినవి బాస్క్‌లను పక్కకు తప్పించి, వారి స్థానంలో ముస్లిం సైన్యాలను నిలబెట్టాయి.

మధ్యయుగ లాటిన్ సాహిత్యాన్ని చరిత్ర అధ్యయనంతో కలిపి చదవదలచిన తెలుగు పాఠకులకు పద్ధతి చెప్పడానికి ఈ ఘటననే ఎంచుకున్నాను. ఇందులోని పాఠాలు చిన్నవి, చాలావరకు ఒకటి రెండు పేజీలకు మించవు, ముఖ్యమైన వాటికి మంచి పరిష్కృత ప్రతులు ఉన్నాయి. వీటిని చదివిన కొద్దీ నాకు గట్టిపడిన నమ్మకం ఒకటుంది. ఒక రచన ఏ ప్రక్రియకు చెందింది, దాని మాటలు ఎవరి నుంచి వచ్చాయి, ఎవరు వినాలని అది పుట్టింది అన్న మూడు సంగతులు తేల్చుకున్న తర్వాతే అందులోని చారిత్రక విషయాల జోలికి వెళ్లాలి. ఆ క్రమం తప్పితే సాహిత్యమూ అర్థం కాదు, చరిత్రా తప్పుతుంది.

భాషకు సిద్ధపడటం

నేరుగా మధ్యయుగ లాటిన్‌తో మొదలుపెట్టవద్దు. ముందు ప్రాచీన లాటిన్ వ్యాకరణాన్ని, అంటే సిసెరో, సీజర్‌ల కాలపు భాషను, రోజుకు ఒక గంట చొప్పున కనీసం ఒక సంవత్సరం చదవాలి. మధ్యయుగ రచయితలు బడిలో నేర్చుకున్నది ఆ వ్యాకరణాన్నే. వారు ఎక్కడ దాన్ని పాటించారో, ఎక్కడ దాటారో గుర్తించాలంటే మనకూ అది తెలిసి ఉండాలి.

సంస్కృతం కొంతైనా చదివిన తెలుగువారికి ఇక్కడ నిజమైన సౌలభ్యం ఉంది. లాటిన్ నామవాచకాలకు విభక్తులున్నాయి, పదాల వరుస స్వేచ్ఛగా మారుతుంది, క్రియ తరచుగా వాక్యాంతంలో వస్తుంది. శ్లోకానికి అన్వయం చెప్పుకున్నట్టే ముందు క్రియను, తర్వాత కర్తను, ఆపైన విశేషణ విశేష్యాలను జతపరచుకుంటూ పోతే పెద్ద పెద్ద వాక్యాలు కూడా విడిపోతాయి. లాటిన్ విద్యార్థులను బాగా ఇబ్బంది పెట్టే ఒక నిర్మాణం మనకు పాత చుట్టమే. ‘రామే వనం గతే’ అంటే రాముడు అడవికి వెళ్లగా అని అర్థం చెప్పుకునే సతి సప్తమి లాంటిది లాటిన్‌లో పంచమిని పోలిన విభక్తితో వస్తుంది. దాడి చేసిన బాస్క్‌ల గురించి చెబుతూ ఒక రచయిత ‘రే పెర్పెత్రాతా’ అంటాడు. పని ముగిశాక అని దాని భావం. రెండు పదాల్లో ఇమిడిన ఈ ఉపవాక్యాన్ని సంస్కృతం తెలిసినవారు ఒక వారంలో పట్టుకోగలరు.

వ్యాకరణం పట్టుబడిన తర్వాత లాటిన్ బైబిలు, అంటే జెరోమ్ పేరుతో ప్రసిద్ధమైన వుల్గాతా పాఠం, రోజూ ఒక అధ్యాయం చదవడం మంచిది. వాక్యాలు చిన్నవి కావడం ఒక కారణం. మధ్యయుగంలో లాటిన్ రాసిన ప్రతి ఒక్కరి చెవిలో ఆ వాక్యాలు మోగుతూ ఉండేవన్నది అంతకంటే పెద్ద కారణం. కీర్తనల్లోని మాట ఒక యుద్ధ వర్ణనలో ఎదురైనప్పుడు దాన్ని గుర్తుపట్టలేకపోతే రచయిత ఏమంటున్నాడో సగమే తెలుస్తుంది.

ఇక తేడాల సంగతి. ప్రాచీన లాటిన్‌లో ‘అఎ’ (ae) అని జంటగా రాసే అచ్చు చాలా రాతప్రతుల్లో వట్టి ‘ఎ’ అవుతుంది. ‘మిహి’ అన్నది ‘మికి’గా కనిపిస్తుంది. ‘అని చెప్పాడు’ అనడానికి ‘క్వోద్’, ‘క్వియా’ అనే అవ్యయాలు విరివిగా వస్తాయి. ఇవి కొన్ని వారాల్లో అలవాటవుతాయి. అర్థం మారిన పదాలే అసలైన ప్రమాదం. ‘కోమెస్’ ప్రాచీన లాటిన్‌లో సహచరుడు, షార్లమేన్ కాలంలో ఒక ప్రాంతాన్ని పాలించే రాజోద్యోగి. ‘మీలెస్’ సైనికుడు, కొన్ని శతాబ్దాల తర్వాత గుర్రమెక్కిన యోధవర్గపు సభ్యుడు. అందుకే ప్రాచీన లాటిన్ నిఘంటువు ఒక్కటే సరిపోదు. ద్యు కాంజ్ 1678లో ప్రచురించిన మధ్యయుగ లాటిన్ పదకోశం నేటికీ పనికొస్తుంది, నీర్మేయర్ నిఘంటువు చేతికింద ఉంటే ఇంకా మేలు. తెలిసిన పదమే కదా అనిపించినప్పుడే నిఘంటువు తెరవడం అలవాటు చేసుకోవాలి.

రాసిన కాలం, జరిగిన కాలం

ఒక నోటుపుస్తకంలో పాఠాలన్నిటినీ అవి రాసిన కాలాన్ని బట్టి వరుసగా పేర్చుకోండి. ప్రతి పాఠం పక్కన రచయిత, ప్రక్రియ, ఉద్దేశించిన శ్రోతలు, ఘటనకూ రచనకూ మధ్య ఎడం రాసుకోవాలి. ఈ జాగ్రత్త మనకు కొత్తదేమీ కాదు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దానిది, శ్రీనాథుడి పేరుతో ఉన్న పల్నాటి వీరచరిత్ర దానికి రెండు శతాబ్దాలకు పైగా తర్వాతిది. ఆ ఎడాన్ని మరచి బాలచంద్రుడి మాటలను సాక్ష్యంగా తీసుకునే చరిత్రకారుడు ఉండడు. లాటిన్‌లో చూసేసరికి మాత్రం, భాష గంభీరంగా ఉంటుంది కనుక, మనం తొందరగా లొంగిపోతాం.

మన ఘటనకు వరుస ఇలా వస్తుంది: ఫ్రాంకుల రాజ వార్షిక వృత్తాంతాలు, వాటి సవరించిన ప్రతి, ఐన్‌హార్డ్ రాసిన షార్లమేన్ జీవితం, షార్లమేన్ కొడుకు లూయీ చక్రవర్తి గురించి సుమారు 840లో వచ్చిన జీవితం, 11వ శతాబ్దపు ఒక చిన్న టిప్పణి, 12వ శతాబ్దంలో తుర్పిన్ పేరు పెట్టుకొని వచ్చిన కల్పిత వృత్తాంతం. వీటి పక్కన విడిగా ఒక సమాధి పద్యం.

మౌనాన్ని చదవడం

రాజ వార్షిక వృత్తాంతాలు 741 నుంచి 829 వరకు ఏడాదికొక పద్దుగా సాగుతాయి. 778 పద్దు తెరిస్తే రాజు రెండు దారుల్లో సైన్యాన్ని నడిపించి స్పెయిన్‌లో ప్రవేశించాడనీ, సరగోసా వద్ద బందీలను స్వీకరించాడనీ, పాంప్లోనా నాశనమైందనీ, బాస్క్‌లు లోబడ్డారనీ, రాజు తిరిగి ఫ్రాంకుల దేశానికి వచ్చాడనీ ఉంటుంది. ఆ వెంటనే సాక్సన్‌ల తిరుగుబాటు మొదలవుతుంది. ఓటమి మాట లేదు. పైగా ఓడించినవారే లోబడినవారుగా నమోదయ్యారు.

ఇక్కడ అబద్ధం అని రాసుకొని ముందుకు పోతే నష్టపోతాం. ఇది రాజాస్థానానికి దగ్గరగా, రాజు విజయపరంపరను నిలబెట్టడానికి పుట్టిన ప్రక్రియ. దానికి ఏది చెప్పదగింది, ఏది కాదు అన్న నియమాలున్నాయి. మౌనం దగ్గర అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ ప్రక్రియలో ఈ విషయం సహజంగా రావలసినదేనా? వచ్చి తీరవలసింది రాకపోతే ఆ మౌనమే సాక్ష్యం.

తర్వాత 9వ శతాబ్దం తొలి దశాబ్దాలకు చెందిన సవరించిన ప్రతిని పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. కొండ శిఖరం మీద బాస్క్‌లు మాటువేశారనీ, రాజు దళాధిపతులుగా నియమించిన ఆస్థానికులు చాలామంది చనిపోయారనీ, ఈ గాయం బాధ స్పెయిన్‌లో సాధించిన విజయాలలో పెద్ద భాగాన్ని రాజు హృదయంలో మబ్బు కమ్మినట్టు కప్పివేసిందనీ అందులో కనిపిస్తుంది. భాషనూ గమనించాలి. మొదటి ప్రతిలో ‘బాస్క్‌లు లోబడగా’ అన్న చోట విభక్తి ప్రాచీన వ్యాకరణానికి కుదరదు. సవరించినవాడు అలాంటి చోట్ల భాషను చక్కదిద్దాడు. వ్యాకరణం దిద్దిన చేయే ఓటమిని కూడా చేర్చింది. శైలి వేరు, సమాచారం వేరు అని విడదీసి చదివేవారికి ఈ సంగతి కనిపించదు. రోమన్ చరిత్రకారుల పద్ధతిలో రాయడమంటే రాజు దుఃఖాన్ని కూడా రాయగలగడమని ఆ అజ్ఞాత రచయిత భావించాడని నేను అనుకుంటాను.

ఐన్‌హార్డ్ వద్ద నిదానించడం

ఈ మార్గంలో ఎక్కువ కాలం ఆగవలసిన చోటు ఇదే. ఐన్‌హార్డ్ సుమారు 770లో పుట్టి, ఫుల్డా మఠంలో చదువుకొని, 790ల నుంచి ఆహెన్‌లోని షార్లమేన్ ఆస్థానంలో ఉండి, 840లో మరణించాడు. షార్లమేన్ 814 జనవరి 28న చనిపోయిన తర్వాత ఆయన జీవితాన్ని రాశాడు. పీఠికలో, తాను కళ్లారా చూసిన విషయాలను తనకంటే నిజంగా ఎవరూ రాయలేరని అంటాడు. అదే పీఠికలో తాను రోమన్ భాషలో పెద్దగా అభ్యాసం లేని అనాగరికుణ్ణని కూడా అంటాడు. ఈ రెండో మాట చెక్కిన శిల్పం లాంటి లాటిన్‌లో ఉంది, ఆపైన సిసెరో మాటను కూడా తోడు తెచ్చుకుంది. ఈ వినయం మధ్యయుగ పీఠికల ఆచారం. మొదటి మాటను కూడా పరీక్షించాలి. 778లో ఐన్‌హార్డ్‌కు ఎనిమిదేళ్లు ఉండవచ్చు. కనుక పిరెనీస్ ఓటమికి ఆయన ప్రత్యక్ష సాక్షి కాడు.

తర్వాతి పని ఆయన ఎవరిని అనుసరించాడో చూడటం. ఐన్‌హార్డ్ చేతిలో రోమన్ రచయిత సుయెటోనియస్ రాసిన పన్నెండు మంది సీజర్ల జీవితాలున్నాయి. సంవత్సరాల వరుసలో కాక యుద్ధాలు, కుటుంబం, రూపం, తిండి, అలవాట్లు, మరణం అంటూ విషయాల వారీగా చెప్పే పద్ధతి అక్కడిదే. ఇప్పుడు 22వ అధ్యాయంలోని రూపవర్ణనను సుయెటోనియస్‌తో పక్కపక్కన పెట్టి చదవండి. విశాలమైన దృఢశరీరం టిబెరియస్‌ది. పెద్ద కళ్లూ ఆయనవే. ఆ కళ్లలోని చురుకు జూలియస్ సీజర్‌ది. అందమైన నెరిసిన జుట్టు క్లాడియస్‌ది. బలిసిన మెడ, ముందుకు వచ్చిన పొట్ట నీరోవి. ఫ్రాంకుల రాజు రోమన్ చక్రవర్తుల అవయవాలతో కూర్చిన బొమ్మలా నిలుస్తాడు.

దీన్ని చూసి, ఇది అరువు మాటల మూట, చరిత్రకు పనికిరాదు అని తీర్పు చెప్పినవారున్నారు. ఆ తీర్పు తొందరపాటుదని నా నిశ్చితాభిప్రాయం. టిబెరియస్ ఎత్తు ఉచితమైన కొలతను మించిందని సుయెటోనియస్ అంటే, ఐన్‌హార్డ్ అవే మాటలు తీసుకొని మధ్యలో ‘నోన్’ అన్న ఒక్క నిషేధాన్ని చేర్చాడు. షార్లమేన్ పొడగరి, కాని ఆ ఎత్తు ఉచితమైన కొలతను మించలేదు. వెంటనే, ఆయన ఎత్తు ఆయన పాదాలతో ఏడు అడుగులని కొలత కూడా ఇచ్చాడు. గొంతు స్పష్టమైనదే కాని అంత పెద్ద శరీరానికి తగినంత గంభీరం కాదన్నాడు. అరువు తెచ్చిన చొక్కాను కత్తిరించి రాజు ఒంటికి సరిపోయేలా కుట్టాడన్నమాట. ఆహెన్‌లో భద్రపరచిన ఎముకల్లో కాలి ఎముకను పరిశీలించి 2010లో పరిశోధకులు ఆయన ఎత్తు సుమారు 1.84 మీటర్లు ఉండవచ్చని లెక్కకట్టారు. ఆ కాలానికి అది నిజంగానే పెద్ద ఎత్తు. మాటలు అరువువైనా ఎంపిక నిజమైనది కావచ్చు. కనుక మూలాన్ని కనుక్కున్నాక పని ముగిసిందనుకోవద్దు. అది ఎక్కడ మారిందో చూడటమే అసలు పని.

ఈ కళ్లతోనే ఓటమిని చెప్పే 9వ అధ్యాయం చదవండి. స్పెయిన్ దండయాత్ర చక్కగా ముగిసిందనీ, తిరుగు ప్రయాణంలో మాత్రం బాస్క్‌ల నమ్మకద్రోహాన్ని ‘పరుంపేర్’ చవిచూడవలసి వచ్చిందనీ ఐన్‌హార్డ్ అంటాడు. ఆ మాటకు కాసేపు అని అర్థం. ఒక దళం తుడిచిపెట్టుకుపోయిన ఘటనను ఆ ఒక్క అవ్యయం కాసేపటి చికాకుగా కుదిస్తుంది. తర్వాత ఆయుధాల బరువు, నేల ఎగుడుదిగుడు ఫ్రాంకులను దెబ్బతీశాయని కారణాలు చెబుతాడు. శత్రువు చెదిరిపోయినందువల్ల ప్రతీకారం సాధ్యపడలేదంటాడు. కుదించే మాటను, సమర్థించే మాటను, సమాచారం ఇచ్చే మాటను మూడు రంగుల్లో గీసుకుంటే మూడో రంగులో ఉన్నది చరిత్రకారుడికి పునాది. మిగిలినది కూడా పారవేయదగింది కాదు. ఓటమి అన్నది షార్లమేన్ మరణించాక కూడా జాగ్రత్తగా చెప్పవలసిన విషయంగానే ఉండిందని అది తెలుపుతోంది.

పాఠభేదాలను వదలకండి

ఐన్‌హార్డ్ ఇచ్చే మూడు పేర్లు: రాజభోజన వ్యవహారాలు చూసే ఎగ్గిహార్డ్, రాజభవన న్యాయాధికారి అన్సెల్మ్, బ్రిటనీ సరిహద్దు పాలకుడు హ్రూఓద్‌లాండ్. ఈ మూడో మనిషే తర్వాతి కావ్యాల రోలాండ్.

ఇక్కడ పుట అడుగున చిన్న అక్షరాల్లో ఉండే పాఠాంతరాల పట్టికను చూడాలి. ఈ జీవిత చరిత్రకు వందకు పైగా రాతప్రతులున్నాయి. వాటిలో ఒక వర్గంలో హ్రూఓద్‌లాండ్ పేరు లేదు. ఐన్‌హార్డ్ మొదట రాసి తర్వాత తీసేశాడా, లేక తర్వాతి లేఖకుడు చేర్చాడా అన్న చర్చ పండితుల్లో నడిచింది. యూరప్ మధ్యయుగ సాహిత్యంలో అంతటి ప్రసిద్ధి పొందిన వీరుడి చారిత్రకత ప్రధానంగా ఈ ఒక్క వాక్యం మీదే ఆధారపడి ఉంది, ఆ వాక్యంలోని ఆయన పేరేమో రాతప్రతుల వంశవృక్షం మీద ఆధారపడి ఉంది. మన ప్రాచీన కావ్యాల్లో ప్రక్షిప్తాలను తేల్చడానికి పరిష్కర్తలు పడిన శ్రమ ఎరిగినవారికి దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

కనుక ఎక్కడో దొరికిన పాఠాన్ని నమ్ముకోవద్దు. 1819లో మొదలైన జర్మన్ సంస్థ ‘మోనుమెంటా జెర్మానియే హిస్టోరికా’ ప్రతులు అంతర్జాలంలో ఉచితంగా ఉన్నాయి. రాజ వార్షిక వృత్తాంతాలు కుర్త్సె పరిష్కరణలో 1895లో, ఐన్‌హార్డ్ గ్రంథం హోల్డర్-ఎగ్గర్ పరిష్కరణలో 1911లో వెలువడ్డాయి. 19వ శతాబ్దంలో మీన్ ప్రచురించిన లాటిన్ క్రైస్తవ రచనల సంకలనం 200కు పైగా సంపుటాలతో విస్తారమైనదే కాని, పాత ముద్రణలను తిరిగి అచ్చువేసింది కనుక పాఠభేదాల చర్చకు అది ఆధారం కాదు.

పద్యం ఇచ్చిన తేదీ

ఇప్పటివరకు చూసిన గద్య రచనల్లో దాడి ఏ రోజు జరిగిందో లేదు. ఆ రోజును ఇచ్చింది ఎగ్గిహార్డ్ సమాధి కోసం రాసిన ఒక లాటిన్ పద్యం. పారిస్‌లోని ఒక రాతప్రతిలో అది నిలిచింది. పద్యం ద్విపదల్లాంటి జంట పాదాల్లో నడుస్తుంది. దేహం చిన్న సమాధిలో ఉంటే ఆత్మ నక్షత్రాలను చేరుకుందనడం, నూనూగు మీసాల ప్రాయాన్ని వర్ణించడం సమాధి పద్యాల పరిపాటి. వాటి నుంచి ఎగ్గిహార్డ్ వయసును లెక్కకట్టబోతే పొరపడతాం. కాని చివరన ఉన్న వచన పంక్తి అతడు సెప్టెంబరు కలెండ్‌లకు 18వ రోజున మరణించాడని చెబుతుంది.

రోమన్ తేదీని మార్చే పద్ధతి ఇక్కడే నేర్చుకోండి. కలెండ్ అంటే నెల మొదటి రోజు. సెప్టెంబరు 1ని ఒకటిగా, ఆగస్టు 31ని రెండుగా లెక్కిస్తూ వెనక్కి వస్తే పద్దెనిమిదవది ఆగస్టు 15. సంవత్సరం ఆ పంక్తిలో లేదు. అది వార్షిక వృత్తాంతాల నుంచి వచ్చింది. పద్యంలోని ఎగ్గిహార్డ్, ఐన్‌హార్డ్ చెప్పిన ఎగ్గిహార్డ్ ఒకరే అన్న నిర్ధారణ వాటిని కలిపింది. నేడు పుస్తకాలన్నిటా కనిపించే 778 ఆగస్టు 15 అన్న తేదీ మూడు ప్రక్రియల రచనలను ఒకచోట కూర్చితే తేలింది. కవిత్వం చరిత్రకు పనికిరాదనేవారికి నేను చూపే మొదటి ఉదాహరణ ఇదే.

కథ మారిన తర్వాత

సుమారు 840లో లూయీ చక్రవర్తి జీవితాన్ని రాసిన అజ్ఞాత రచయిత, ఖగోళ జ్ఞానం వల్ల ‘ఆస్ట్రోనొమర్’ అని పేరుపడినవాడు, ఈ దాడి ప్రస్తావన తెచ్చి, మృతుల పేర్లు అందరికీ తెలిసినవే కనుక చెప్పడం మానుకున్నానంటాడు. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పేర్లు జనం నోళ్లలో ఉన్నాయని దీని నుంచి తెలుస్తోంది. మౌఖిక సంప్రదాయానికి ఇంత స్పష్టమైన ఆనవాలు లాటిన్ రచనల్లో తరచుగా దొరకదు.

స్పెయిన్‌లోని సాన్ మియాన్ మఠానికి చెందిన 11వ శతాబ్దపు లాటిన్ టిప్పణిలో చోటు పేరు కనిపిస్తుంది. ‘రోసబాయెస్’ అంటే రోన్సెస్‌వాయెస్. ఐన్‌హార్డ్ పిరెనీస్ శిఖరం అని మాత్రమే అన్నాడు. అదే టిప్పణిలో రోలాండ్‌ను చంపినవారు ముస్లింలయ్యారు. సుమారు 1100 నాటి ప్రాచీన ఫ్రెంచి రోలాండ్ కావ్యం ఈ రూపాన్నే స్థిరపరచింది. 12వ శతాబ్దపు లాటిన్ వృత్తాంతం ఆర్చిబిషప్ తుర్పిన్ స్వయంగా చూసి రాసినట్టు చెప్పుకుంటుంది. 778కి అది సాక్ష్యం కాదు. కాని స్పెయిన్‌లోని సాంతియాగోకు సాగే క్రైస్తవ తీర్థయాత్ర, క్రైస్తవ యుద్ధభావన, షార్లమేన్‌ను 1165లో పునీతుడిగా ప్రకటించేంత వరకు వెళ్లిన గౌరవం, ఇవన్నీ ఆ శతాబ్దంలో ఎలా అల్లుకున్నాయో తెలుసుకోవడానికి అది మంచి ఆధారం. ప్రతి పాఠమూ ఏదో ఒక కాలానికి సాక్ష్యమే, అది ఏ కాలమో తేల్చడం మన పని.

లాటిన్ చదివేవారు లాటిన్‌లోనే చిక్కుకుపోవడం కూడా ఒక దోషం. 1233లో మరణించిన అరబ్బీ చరిత్రకారుడు ఇబ్న్ అల్-అథీర్, షార్లమేన్ బందీగా తీసుకెళుతున్న స్పెయిన్ ముస్లిం పాలకుడు సులేమాన్‌ను అతని కొడుకులు దాడిచేసి విడిపించారని రాశాడు. ఆలస్యమైన ఆధారమే, కాని అది పాత రచనల నుంచి సేకరించిన చరిత్ర. మీ పట్టికలో దానికి ఒక గడి ఉండాలి.

రాయడం

చివరగా రెండు పేజీల వ్యాసం రాయండి. ప్రతి వాక్యానికీ ఏ పాఠం ఆధారమో, ఆ పాఠం ఎంత దూరాన నిలబడి చెబుతోందో మార్జిన్‌లో గుర్తించండి. లాటిన్ మాటలకు మీ సొంత తెలుగు అనువాదం చేసుకోండి. బాస్క్‌ల గురించి ఐన్‌హార్డ్ వాడిన ‘పెర్ఫీదియా’ను నమ్మకద్రోహం అనాలా, ద్రోహబుద్ధి అనాలా అని తేల్చుకునేటప్పుడు, బాస్క్‌లు ఫ్రాంకులకు ఏ మాట ఇచ్చారు, ఏ నమ్మకాన్ని వమ్ముచేశారన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఇంగ్లీషు అనువాదం మీద ఆధారపడితే ఆ ప్రశ్న రాదు.

ఆ తర్వాత ఇదే పద్ధతితో ఒంటరిగా చేయదగిన అభ్యాసం 800 డిసెంబరు 25న రోమ్‌లో జరిగిన పట్టాభిషేకం. పోపు ఉద్దేశం ముందే తెలిసి ఉంటే ఎంత పెద్ద పండుగైనా ఆ రోజు చర్చిలో అడుగుపెట్టేవాణ్ణి కాదని షార్లమేన్ అన్నట్టు ఐన్‌హార్డ్ 28వ అధ్యాయంలో చెబుతాడు. దాన్ని పోపుల జీవితాల సంకలనంలోని మూడవ లియో జీవితంతో, రాజ వార్షిక వృత్తాంతాలతో పోల్చండి. వృత్తాంతాల్లో ఆ పట్టాభిషేకాన్ని 801 పద్దు కింద వెతకాలి, ఎందుకంటే ఆ రచయితలకు కొత్త సంవత్సరం క్రిస్మస్ రోజునే మొదలయ్యేది.